బ్యాండ్ మాస్టరు వేసిన కుర్చీ

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ ఉండేది. న్యూజెర్సీలో, పిస్కాటవేకి దగ్గర్లో, ఒకే కప్పు కింద రెండు వాటాలుగా కట్టిన పాత చెక్క ఇల్లు అది. ఎడమ వాటాలో మేం ముగ్గురం, కుడి వాటాలో ఒంటరిగా ఒక నల్లజాతి పెద్దావిడ. డెబ్బైల చివరి మాట ఇది. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడ పుట్టిన దక్షిణాదిలో పెద్దవాళ్లని పేరుకి ముందు 'మిస్' చేర్చి పిలుస్తారట. మా అమ్మేమో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకూడదనేది. రెండూ కలిపి నేను 'మిస్ మామ్మా' అని పిలిచేదాన్ని. ఆ పిలుపు ఆవిడకి నచ్చింది. తర్వాత చర్చిలో తన స్నేహితులకి కూడా నన్ను చూపించి, ఈ పిల్ల నాకు కొత్త పేరు పెట్టింది అని చెప్పుకునేది.

ఆ గోడ చాలా పల్చన. నేను బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని పాలు తాగే వేళకి, ఒకవైపు నుంచి మా అమ్మ వీణ వినిపించేది. అమ్మ వాయించడం అయిపోయాక కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత గోడ అవతల నుంచి పియానో మొదలయ్యేది. వాళ్లిద్దరూ ఎప్పుడూ అనుకుని చేసింది కాదు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు ఆగేవారు, అంతే. శీతాకాలం మధ్యాహ్నాల్లో, బయట మంచు మీద ఎండ పడి గది పైకప్పంతా తెల్లగా వెలుగుతున్నప్పుడు, ఆ రెండు శబ్దాల మధ్య నాకు మగతగా నిద్ర పట్టేది. ఏది వీణో ఏది పియానోనో కలలో కలిసిపోయేవి. ఇప్పటికీ ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది గదులు కాదు, ఆ శబ్దాలే.

మా అమ్మ విజయనగరంలో తొమ్మిదేళ్లు వీణ నేర్చుకుంది. నాన్నకి ఇక్కడ మందుల కంపెనీ లాబ్‌లో ఉద్యోగం వస్తే, నన్ను చంకనేసుకుని, వీణని దుప్పట్లలో చుట్టి పెట్టెలో పెట్టి తెచ్చుకుంది. ఇక్కడ వినేవాళ్లెవరు? చుట్టుపక్కల ఊళ్లలో తెలుగువాళ్లవి నాలుగైదు కుటుంబాలు ఉండేవి. నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనాలకి కలిసేవాళ్లం. తిన్నాక ఎవరో ఒకరు, "ఏదైనా వాయించండి" అనేవారు. అమ్మ మొదలుపెట్టేది. రెండు నిమిషాలు గడిచేసరికి గ్రీన్ కార్డుల మాటలు, కార్ల మాటలు మళ్లీ మొదలయ్యేవి. అమ్మ తల వంచుకుని చివరిదాకా వాయించి, అందరికీ నవ్వు మొహంతో నమస్కారం పెట్టేది.

నాకు పదేళ్లప్పుడు మా బళ్లో వసంతకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం కుటుంబాల పండుగ పెట్టారు. పిల్లల ఇళ్ల నుంచి ఎవరైనా వచ్చి తమకి తెలిసిన విద్య ఏదైనా చూపించవచ్చు. టీచర్ పంపిన కాగితం అమ్మ రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టి, తారీఖు కూడా వేసింది. ఆ రోజు నుంచి మూడు వారాలు మా ఇంట్లో మోహన రాగం తప్ప ఇంకొకటి లేదు. వంట చేస్తూ కూడా అదే కూనిరాగం. శ్రుతిపెట్టె తిత్తి నొక్కడానికి నన్ను పక్కన కూర్చోమంది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ కాగితం రావడానికి ముందు వారమే నా క్లాసులోని ఒక అమ్మాయి మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చింది. అమ్మ చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక గమకం దగ్గర ఆగి అదే మళ్లీ మళ్లీ వాయిస్తోంది. మర్నాడు లంచ్ టేబుల్ దగ్గర ఆ అమ్మాయి కళ్లు మూసుకుని, తల ఊపుతూ, ముక్కుతో ఆ శబ్దం చేసి చూపించింది. టేబులంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. జీవితంలో చాలా తప్పులు మరిచిపోయాను కానీ ఆ నవ్వు మాత్రం మరిచిపోలేదు.

పండుగ వారం రాగానే నాకు భయం పట్టుకుంది. సోమవారం బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, అమ్మ మొహం చూడకుండా, "శనివారం ప్రోగ్రాం కాన్సిల్ అయింది అమ్మా" అన్నాను.

"అయ్యో, ఎందుకే?"

"జిమ్‌లో ఫ్లోర్ రిపేర్ చేస్తున్నారంట."

అమ్మ నా బూట్లు తీసి గుమ్మం పక్కన సర్దింది. తర్వాత, "పోన్లే, పెద్ద ఊరు, పెద్ద బడి, వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి" అంది. లోపలికి వెళ్లి వీణ మీద గుడ్డ కప్పింది. ఆ రోజు గోడకి ఇవతల ఏ శబ్దమూ లేదు. మంగళవారం లేదు, బుధవారం లేదు. అవతల నుంచి పియానో కూడా మొదలయ్యేది కాదు. అమ్మ వంతు అయితే కదా ఆవిడ వంతు వచ్చేది.

గురువారం నేను బస్సు దిగి వస్తుంటే మిస్ మామ్మ తన వరండాలో నిలబడి చెయ్యి ఊపింది. లోపలికి రమ్మంది. ఆవిడ ముందు గది నాకు చాలా ఇష్టం. కిటికీ పక్కన గోధుమరంగు పియానో, దాని పక్కన ఏటవాలు బల్ల, బల్ల మీద సిరాబుడ్డి, కలాలు, అయిదేసి గీతలు గీసిన పెద్ద పెద్ద కాగితాలు. తన చర్చి గాయకులకి కావలసిన సంగీతమంతా ఆవిడ అప్పటికీ చేత్తోనే రాసి ఇచ్చేది. స్వరాలు రాస్తుంటే వరసగా పిచ్చుకలు తీగ మీద వాలుతున్నట్టు ఉండేది. నాకు ఒక కాగితం, స్కేలు ఇచ్చి గీతలు గీయమంది. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది.

"శనివారానికి మీ అమ్మ సిద్ధమేనా? బడివాళ్లు నా మెయిల్‌బాక్స్‌లో కూడా కాగితం వేశారు. నేనూ వద్దామనుకుంటున్నాను. మూడు రోజులుగా వీణ వినిపించడం లేదు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను."

ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడింది కానీ, ఆ రోజు మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. అది ఎందుకో నాకు తెలియదు. స్కేలు జారి గీత వంకరపోయింది. ఆవిడ ఆ వంకర గీతని చూసింది, నన్ను చూసింది. మళ్లీ అడగలేదు. సిరాబుడ్డి మూత పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుని, నేను ఎప్పుడూ వినని ఒక సంగతి మొదలుపెట్టింది.

ఆవిడకి పందొమ్మిదేళ్లప్పుడు ఒక బ్యాండ్‌లో స్వరాలు రాసే పని దొరికిందట. పదకొండు మంది వాద్యగాళ్లు, అందరూ నల్లవాళ్లే. వాళ్లకి పెద్ద ఒక బ్యాండ్ మాస్టరు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని కోటుతో ఉండేవాడట. జాజ్ అనే మాట అప్పటికి చాలామంది తెల్లవాళ్ల ఇళ్లలో మంచి మాట కాదు. ఆ సంగీతం వెనకవీధుల్లో, చిన్న చిన్న హాళ్లలో, తనవాళ్ల మధ్యే తిరుగుతుండేది. బ్యాండ్ మాస్టరుకి ఒకటే పట్టుదల. ఈ పాట విననివాళ్లు ఈ దేశంలో ఒక్కరు కూడా మిగలకూడదు. అందుకని తనవాళ్లందరికీ నల్ల సూట్లు కుట్టించి, బూట్లు అద్దాల్లా తుడిపించి, రైలెక్కించి, అంతకుముందు అలాంటి బ్యాండ్ అడుగుపెట్టని ఊళ్లకి తీసుకుపోయాడు. పెద్ద పెద్ద హోటళ్ల నాట్యశాలల్లో వాయించేవారు. లోపలికి వెళ్లడం మాత్రం వంటింటి గుమ్మం గుండానే.

"జనం చేతులు కట్టుకుని కూర్చునేవారు" అంది మిస్ మామ్మ. "ఆయన ముందు ఒక పాత వాల్ట్జ్, జంటలు గుండ్రంగా తిరుగుతూ ఆడే పాట, మొదలుపెట్టేవాడు. ముసలివాళ్లకి కూడా అడుగు తెలిసినది. వాళ్లు లేచి నెమ్మదిగా తిరిగేవారు. రెండో పాటలో డ్రమ్ము దెబ్బ కొంచెం పక్కకి జరిగేది. మూడో పాటలో క్లారినెట్ దారి తప్పినట్టు ఎటో వెళ్లి వచ్చేది. నాలుగో పాటకి హాలంతా మా పాట మీద ఆడుతుండేది. ఎక్కడ దాటి వచ్చారో వాళ్లకే తెలిసేది కాదు."

కొన్ని ఊళ్లలో జనం కదిలేవారు కాదట. అప్పుడు ఆయన ఇంకో రెండు వాల్ట్జులు వాయించేవాడు. ట్రంపెట్ వాయించే అతను విసుక్కుంటే, "వస్తారు. వాళ్లకి దారి కొత్త. అడుగు చూసుకుని వేస్తున్నారు" అనేవాడట. ఆ మాట చెబుతున్నప్పుడు మిస్ మామ్మ గొంతు కూడా మారింది. ఆయన గొంతు అలాగే ఉండేదేమో అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ హాళ్ల మేనేజర్లు వేదిక మీద కాగితాలు పెట్టనిచ్చేవారు కాదు. నల్లవాళ్లకి సంగీతం పుట్టుకతోనే వస్తుందని, నేర్చుకోనక్కర్లేదని జనం నమ్మేవారు. అలా నమ్మడం వాళ్లకి సరదా. అందుకని ఈవిడ వారమంతా కళ్లు నొప్పెట్టేలా పదకొండు మందికీ పదకొండు రకాలుగా రాసిపెడితే, వాళ్లు రాత్రీ పగలూ కూర్చుని కంఠస్థం చేసి, కాగితాలు రైలుపెట్టెలో వదిలేసి వెళ్లి వాయించేవారు. చూసినవాళ్లు, చదువు లేకుండానే ఎంత బాగా వాయిస్తున్నారో అని మెచ్చుకునేవారు. ఆవిడ తెర వెనక నిలబడి వేళ్లకి అంటిన సిరా తుడుచుకునేది.

"అప్పుడు ఒక ఊళ్లో ఒక పని చేశాను" అంది.

ఆవిడ ఒంటి రంగు తెలుపుకి దగ్గర. పరాయి ఊళ్లలో చూసినవాళ్లు ఇటలీ నుంచి వచ్చినవాళ్ల పిల్ల అనుకునేవారట. ఆ రోజు చలి ఎక్కువ. మధ్యాహ్నం ఆట ఉంది. పొద్దున్నించి ఎవరూ ఏమీ తినలేదు. స్టేషన్ ఎదురుగా ఒక హోటల్ ఉంది. అందులో తెల్లవాళ్లకే కుర్చీలు. నల్లవాళ్లు కావాలంటే వెనక కిటికీ దగ్గర నిలబడి కొనుక్కుపోవాలి. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. వేడి సూప్ తెచ్చిపెట్టారు. అంతలో వెనక కిటికీ దగ్గర బ్యాండ్ మాస్టరు కనిపించాడు. పదకొండు మందికీ రొట్టెలు కట్టించుకుంటున్నాడు. వడ్డించే అమ్మాయి కిటికీ వైపు చూసి, ఈవిడ వైపు చూసి, "ఆ బ్యాండ్‌వాళ్లు మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలియదు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయనకి వినిపించింది."

నేను గీతలు గీయడం ఎప్పుడో మానేశాను.

"ఆయన నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం. తర్వాత, దారిలో ఎదురైన పరాయి ఆడమనిషికి మర్యాద చేసినట్టు, టోపీ అంచు కొంచెం ముట్టుకుని మొహం తిప్పేసుకున్నాడు. నన్ను తెలియనట్టే. ఆయన పలకరించి ఉంటే ఆ హోటల్లో నా గతి ఏమయ్యేదో ఆయనకి తెలుసు. రొట్టెలు తీసుకుని వెళ్లిపోయాడు. సూప్ అలాగే వదిలేసి లేచాను."

ఆ మధ్యాహ్నం ఆవిడ హాలుకి భయపడుతూ వెళ్లింది. పని నుంచి తీసేస్తాడనుకుంది. ఆయన ఒక్క మాట అనలేదు. తెర లేచింది, వాల్ట్జ్ అయింది, రెండో పాట అయింది. అప్పుడు ఆయన లోపలికి వచ్చి, తనే ఒక కుర్చీ మోసుకెళ్లి పియానో పక్కన వేశాడు. జనం వైపు తిరిగి, "మీరు విన్న ప్రతి స్వరం కాగితం మీద రాసి ఉంది. రాసిన మనిషి మాతోనే ఉన్నారు. ఈ కుర్చీ వారిది" అన్నాడట. ఎవరినీ చూపించలేదు. తెర వెనక్కి చూడనైనా చూడలేదు. బ్యాండ్ వైపు తిరిగి మూడో పాట మొదలుపెట్టాడు. ఆ హాలు మేనేజరు మళ్లీ వాళ్లని పిలవలేదు.

"నువ్వు వెళ్లి కూర్చున్నావా మిస్ మామ్మా?"

"లేదు. ఆటంతా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. తర్వాతి ఊళ్లో మళ్లీ వేశాడు. అక్కడా కూర్చోలేదు. ఆ తర్వాతి ఊళ్లోనూ వేశాడు."

"ఎన్ని ఊళ్లు?"

"నేను లెక్కపెట్టలేదు. మంచు కరిగి, రైలు కిటికీలోంచి చెట్లకి ఆకులు కనిపించేదాకా. ఒక రోజు వెళ్లి కూర్చున్నాను. ఆయన నన్ను చూసి నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. పాట నడుస్తుండగానే ఒక అడుగు వేసి, నా ఒళ్లో ఉన్న కాగితాల మీద వెలుతురు పడేలా దీపం జరిపాడు. అంతే. ఆ హోటల్ సంగతి బతికున్నంత కాలం ఎత్తలేదు."

"ఆయనకి కోపం రాలేదా?"

"వచ్చే ఉంటుంది. నా మీద కాకపోవచ్చు" అంది.

తర్వాత ఆ బ్యాండ్ రేడియోలో వచ్చిందట. వంటింటి గుమ్మం తప్ప ఇంకో గుమ్మం చూపించనివాళ్లే, తమ ఇళ్లలో తివాచీలు చుట్టేసి ఆ పాటలకి నాట్యం చేశారట. ఎక్కడెక్కడి పొలాల మధ్య నుంచో, గనుల ఊళ్ల నుంచో ఉత్తరాలు వచ్చేవట. వాయించేది నల్లవాళ్లని కొందరికి తెలియదు, తెలిశాక కొందరు రాయడం మానేశారు, ఇంకొందరు ఇంకా పెద్ద ఉత్తరాలు రాశారు. బ్యాండ్ మాస్టరు అన్నిటినీ చదివించుకునేవాడట. "జనం కోసం కూడా ఆయన అలాగే ఎదురుచూశాడు. నా కోసం చూసినట్టే" అంది మిస్ మామ్మ. ఎండ కిటికీ లోంచి జారి పియానో కాళ్ల మీదికి వచ్చింది. ఆవిడ లేచి సిరాబుడ్డి మూత తీసింది. నేను ఇంటికి వెళ్లవచ్చని అర్థం.

ఇంట్లో అమ్మ వంకాయలు తరుగుతోంది. నేను బ్యాగు దించకుండానే, "అమ్మా, ప్రోగ్రాం కాన్సిల్ అవలేదు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. లంచ్ టేబుల్ సంగతి చెప్పాను, నేను నవ్విన సంగతి కూడా. అమ్మ చెయ్యి ఆగింది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలు నీళ్లలో వేసి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని అప్పుడు మాట్లాడింది.

"నీకు సిగ్గుగా ఉంటే నేను రానులే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

"రా అమ్మా. కానీ నేను నీ పక్కన కూర్చోను. ఓకేనా?"

"ఓకే" అంది అమ్మ. అంతకుముందు అమ్మ ఆ మాట అనగా నేను వినలేదు.

ఆ సాయంత్రం నేను అమ్మకి బ్యాండ్ మాస్టరు వాల్ట్జ్ సంగతి మాత్రం చెప్పాను, హోటల్ సంగతి చెప్పలేదు. అది మిస్ మామ్మ నాకు ఒక్కదానికే చెప్పిందనిపించింది. వాళ్లకి తెలిసిన పాటతో మొదలుపెట్టమన్నాను. "నాకు వాళ్ల పాటలేం తెలుసే, నువ్వు పాడు" అంది. మా బళ్లో పొద్దున్నే అందరం కలిసి పాడే ఒక చిన్న పాట ఉండేది. నేను పాడుతుంటే అమ్మ వీణ మీద వెతుక్కుంది. రెండుసార్లు తప్పింది, మూడోసారి దొరికింది. దొరకగానే అమ్మ మొహం విప్పారింది. "ఇందులో మధ్యమం లేదు, నిషాదం లేదు. ఇవి మోహన స్వరాలే కదే" అంది. గోడ అవతల పియానో మీద ఒకే ఒక్క స్వరం మోగింది. విన్నానన్నట్టు.

శనివారం జిమ్ నిండా జనం. ఎత్తుగా చిన్న వేదిక కట్టారు. ఒకరి తాతగారు చెక్కతో బాతులు చెక్కి చూపించారు. ఇంకొకరి తల్లిదండ్రులు వాళ్ల దేశపు నాట్యం చేశారు. మిస్ మామ్మ మొదటి వరసలో, పెద్ద నీలం టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న కెమెరా సర్దుకుంటూ గోడ దగ్గర నిలబడ్డాడు. నేను నాలుగో వరసలో నా క్లాసువాళ్ల మధ్య కూర్చున్నాను. అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చలికి కాళ్లకి మేజోళ్లతో, వీణ మోసుకుంటూ వేదిక ఎక్కింది. జంపఖానా పరుచుకుని కూర్చుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుంది. రెండు చేతులూ వీణకే కావాలి, దాని తిత్తి నొక్కేవాళ్లు లేరు. ఎలాగూ ఉండరని తెలిసినా ఎందుకు తెచ్చుకుందో నాకు అర్థం కాలేదు.

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వీణ కొసన చెక్కిన, సింహంలాంటి యాళి తల చూసి ఒకడు డ్రాగన్ అన్నాడు. లంచ్ టేబుల్ దగ్గర వెక్కిరించిన అమ్మాయి అటు చివర కూర్చుంది. నా పక్కనున్న కొత్త అమ్మాయి, ఆ నెలలోనే మా బళ్లో చేరింది, నా చెవి దగ్గరికి వంగి, "ఆవిడ నీకు తెలుసా?" అని అడిగింది.

తెలుసు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నా నోట రాలేదు. అప్పుడే అమ్మ శ్రుతి చూసుకోవడం ఆపి తల ఎత్తి, జనంలో నన్ను వెతికింది. నేను కనిపించాను. నా మొహం కనిపించింది, నా చెవి దగ్గరున్న మొహం కూడా కనిపించింది. అమ్మకి అంతా అర్థమైంది. ఏమీ ఎరగనట్టు, ఎవరో తెలియని పిల్లని చూసినట్టు, నా మీద నుంచి చూపు తీసేసి, పక్కనున్న ఇంకో పిల్లని చూసి నవ్వి, తల వంచుకుంది.

అమ్మకి హోటల్ కథ తెలియదు. నేను చెప్పలేదు, మిస్ మామ్మ చెప్పలేదు. ఆ చూపు అమ్మకి ఎవరు నేర్పారు?

"మా అమ్మ" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. "ఆవిడ మా అమ్మ." లేచాను. వరసలో ఉన్నవాళ్ల మోకాళ్లు తగులుతుంటే దాటుకుంటూ, మెట్లు ఎక్కి, అమ్మ పక్కన కూర్చుని శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కున్నాను. శ్రుతి మొదట కాస్త వంకరగా వచ్చింది. అమ్మ నా వైపు చూడలేదు. మోకాలు మాత్రం నా మోకాలికి ఆనించింది.

బడి పాట మొదలైంది. ఒక వరస దాకా ఎవరికీ తెలియలేదు. తర్వాత చిన్న క్లాసుల పిల్లలు గుర్తుపట్టి పాడడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు నవ్వారు, కొందరు గొంతు కలిపారు. రెండోసారి అదే పాట తిరిగి వస్తున్నప్పుడు అమ్మ ఒక స్వరాన్ని కొంచెం సాగదీసింది. మూడోసారి దాన్ని ఊపింది. పిల్లల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎక్కడ ఆగిపోయాయో చెప్పలేను, బడి పాట ఎప్పుడు వెళ్లిపోయి మోహన ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. నేను ఆ రెండింటి మధ్యలోనే, పొద్దున్న మెలకువ వచ్చీ రానట్టు, శ్రుతిపెట్టె నొక్కుతూ ఉండిపోయాను. హాలు దూరంగా ఉన్నట్టు ఉంది. మొదటి వరసలో ఒక నల్లబూటు నేల మీద మెల్లగా తాళం వేస్తోంది.

అందరూ విన్నారని చెప్పను. వెనకవైపు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకాయన పిల్లాడిని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు. అయిపోయాక చప్పట్లు బాతులు చెక్కిన తాతగారికి కొట్టినన్నే కొట్టారు. అందరూ బిస్కెట్ల బల్ల దగ్గరికి వెళ్లారు. డ్రాగన్ అన్నవాడు వచ్చి యాళి తల ముట్టుకోవచ్చా అని అడిగాడు. లంచ్ టేబుల్ అమ్మాయి రాలేదు. సోమవారం ఆ అమ్మాయి మళ్లీ తల ఊపి చూపించింది కూడా. ఈసారి నేను నవ్వలేదు. నేను నవ్వకపోయేసరికి ఇద్దరు ముగ్గురు నవ్వడం మధ్యలో ఆపేశారు.

ఇంటికి వస్తున్నప్పుడు కారులో వెనక సీట్లో మిస్ మామ్మ నా పక్కన కూర్చుంది. మెచ్చుకోలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "మీ అమ్మ తొందరపడలేదు, చూశావా?" అంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆవిడ మా గోడ పక్కనే ఉంది. ఆఖరి ఏడాది వేళ్లు వంగక రాయలేకపోతే, ఆవిడ చెబుతుంటే నేను స్వరాలు దించేదాన్ని. ఆవిడ పోయాక చర్చిలో, బ్యాండ్ మాస్టరు సంగతి తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారేమోనని చూశాను. ఎవరూ లేరు. ఆయన పేరు నేను గ్రంథాలయాల్లో వెతికి పట్టుకున్నాను. పెద్ద పుస్తకంలో రెండు పంక్తులు ఉన్నాయి. ఆ రెండు పంక్తుల్లో కుర్చీ లేదు.

చాలాకాలం నేను ఆ రోజు నేర్చుకున్నది ఒకటే అనుకున్నాను. మనవాళ్లని మనవాళ్లేనని చెప్పుకోవాలి, ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా. అది నిజమే. కానీ అది సగమే. మిగతా సగం నా కూతురికి పదమూడేళ్లు వచ్చాక తెలిసింది. ఒక రోజు అది, స్కూల్ గేటు దగ్గర కాకుండా ఆ మూల మలుపులో కారు ఆపమంది. నా బొట్టు చూసి స్నేహితులు ఏదో అన్నారట. ఉపన్యాసం చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో తల వంచుకుని శ్రుతి చూసుకుంటున్న అమ్మ కళ్లముందుకి వచ్చింది. "సరే" అని మలుపులో ఆపాను. రోజూ అక్కడే ఆపాను. ఎండైనా వానైనా అక్కడే కిటికీ దించుకుని కూర్చున్నాను. గేటు నుంచి అది నన్ను చూడనట్టు నడిచి వస్తుంటే నేనూ పక్కకి చూసేదాన్ని. ఎన్ని నెలలో నేనూ లెక్కపెట్టలేదు. ఒక మధ్యాహ్నం అది ఇద్దరు స్నేహితురాళ్లని వెంటబెట్టుకుని సరాసరి నా కారు దగ్గరికి వచ్చి, తలుపు తీసి, "మా అమ్మ" అంది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. నేను ఇష్టపడేవి వాళ్లకి ఇంకా నచ్చవు. వంట నచ్చదు, పాట నచ్చదు, ఒక్కోసారి నేనూ నచ్చను. నాకు కోపం రాదని కాదు, వస్తుంది. వచ్చినప్పుడు మాట్లాడకుండా కాసేపు ఊరుకుంటాను. వాళ్లకి దారి కొత్త, అడుగు చూసుకుని వేస్తున్నారు. నాకు తొందరేమీ లేదు.